తెచ్చిన కోడి తిరిగి ఇంటికి పోకూడదు: మార్పిడి రోజు పని డైరీ

10 వారాల ముందు

పెరట్లో కోళ్లు పెంచే 20 ఇళ్లవాళ్లు ఒక ఉదయం ఒకచోట చేరి పుంజులు, పెట్టలు, పిల్లలు, పొదిగే గుడ్లు ఇచ్చిపుచ్చుకోవాలి. పని ఇంతే. బల్లలు, నీళ్లు, నీడ రెండు వారాల్లో సర్దేయొచ్చు. పది వారాల ముందే మొదలుపెట్టడానికి కారణాలు రెండు. టీకాల తేదీలు వెనక్కి లెక్కేసుకోవాలి. ఎవరి కోడి ఎవరింటికి పోతుందో ఆ రోజుకు ముందే తేలిపోవాలి.

ఈ రెండోదాని మీదే పని మొత్తం నిలబడింది. కొత్తగా తెచ్చుకున్న కోడిని ఎవరైనా అనుమానంగానే చూస్తారు, కొన్నాళ్లు విడిగా ఉంచుతారు. తీసుకెళ్లింది ఎవరికీ నచ్చక తిరిగొస్తే మాత్రం "మన కోడే కదా" అని తిన్నగా పాత గూట్లోకి వదిలేస్తారు. మూడు గంటలపాటు ఇరవై ఇళ్ల కోళ్ల పక్కన కూర్చుని వచ్చింది అదే. రోగం మందలోకి దూరే దారుల్లో అందరూ మరిచిపోయేది ఇదొక్కటే. అందుకే ఈ పనికి పెట్టుకున్న మొదటి నియమం: ప్రతి పక్షీ ఒక్కసారే, ఒకే దిక్కుకు ప్రయాణం చేయాలి. మిగతా ఏర్పాట్లన్నీ దీని వెనకే నడుస్తాయి.

పెరటి కోళ్లతో అంత ముప్పుందా అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. 2018 మేలో దక్షిణ కాలిఫోర్నియాలో తీవ్రమైన కొక్కెర తెగులు (న్యూకాజిల్ వైరస్ జబ్బు) మొదట బయటపడింది పెరట్లో ప్రదర్శనల కోసం పెంచే కోళ్లలోనే. దాన్ని పూర్తిగా తుడిచిపెట్టేసరికి 2020 వచ్చింది. ఈలోగా 12 లక్షలకు పైగా పక్షులను చంపాల్సి వచ్చింది.

పరిమాణం తేల్చుకోవడం: ఇంటికి గరిష్ఠంగా 6 పెద్ద పక్షులు, అంటే మొత్తం 120. ఆ 6 గాల్లోంచి వచ్చిన అంకె కాదు. లోపలికి వచ్చే ప్రతి కోడినీ చేత్తో పట్టుకుని చూడాలంటే మనిషికి 3 నిమిషాలు పడుతుంది. అరగంటకు 5 ఇళ్ల చొప్పున పిలిస్తే 30 కోళ్లు, 90 నిమిషాల పని. ముగ్గురు చూస్తే సరిగ్గా అరగంట. నాలుగు విడతల్లో, రెండు గంటల్లో 20 ఇళ్లూ అయిపోతాయి. చూసేవాళ్లు ఇద్దరే దొరికితే ఇంటికి 4 కోళ్లకు తగ్గించాలి. పరీక్ష సమయం కుదించడం మాత్రం కుదరదు.

9 వారాల ముందు

పశువైద్య శాఖ వారిని కలిసి మూడు ప్రశ్నలు అడగాలి. పక్షులను ఒకచోట చేర్చడానికి అనుమతి కావాలా? ప్రస్తుతం రవాణా ఆంక్షలేమైనా ఉన్నాయా? ఆ ఉదయం ఒక పశువైద్యుడు రాగలరా? జవాబులు కాగితం మీద ఉంటే మంచిది.

రద్దు చేసే షరతులు కూడా ఈ వారమే రాసి అందరికీ పంపాలి. తేదీ దగ్గర పడ్డాక ఎవరికీ రద్దు చేయాలనిపించదు, ఏదో ఒక సర్దుబాటు చేద్దామంటారు. షరతులు ఇవి: చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ గానీ కొక్కెర తెగులు గానీ నిర్ధారణ అయితే మొత్తం రద్దు, గుడ్లతో సహా. ఏ ఇంట్లోనైనా గత 30 రోజుల్లో కారణం తెలియకుండా కోళ్లు చనిపోతే ఆ ఇల్లు ఈసారికి ఆగాలి. ఆ ఇంటివారిని తప్పుపట్టినట్టు మాట్లాడితే వచ్చేసారి ఎవరూ నిజం చెప్పరు. అందుకని ఆగిన ఇంటికి తర్వాతి మార్పిడిలో మొదటి వరుస అని కూడా రాసేయాలి.

8 వారాల ముందు: ఇచ్చేవి, కావాల్సినవి

ఒక్కో ఇంటి నుంచి రెండు చిన్న జాబితాలు. ఇచ్చే జాబితాలో జాతి, పెట్టా పుంజా, పుట్టిన నెల, టీకాలు, ఏ మందలో పుట్టింది. కావాల్సిన జాబితాలో కూడా ఇవే, దాంతోపాటు ఒక అదనపు గడి: "విడిగా ఉంచడానికి చోటుందా?" లేదన్న వారికి పెద్ద పక్షి ఇవ్వకూడదు, గుడ్లు మాత్రమే.

జాబితాలు రాగానే కనబడేది ఒకటే: ఇచ్చేవాటిలో సగానికి పైగా పుంజులు, కావాల్సినవాటిలో దాదాపు అన్నీ పెట్టలు. ఎక్కడైనా ఇంతే. పొదిగిన గుడ్లలో సగం పుంజులే పుడతాయి. మందకు కావాల్సింది 8–10 పెట్టలకు ఒకటి. మిగిలినవన్నీ ఇలాంటి చోటుకే చేరతాయి. వాటిని అడ్డుకోకపోతే మార్పిడి రోజు కాస్తా పుంజులు వదిలించుకునే రోజవుతుంది. గేటు బయట అట్టపెట్టెలో వదిలేసి పోయేవాళ్లూ ఉంటారు. కాబట్టి తీసుకునే ఇంటి పేరు రాసి ఉంటేనే పుంజు లోపలికి వస్తుంది.

అలాగని పుంజుల మార్పిడి పనికిరాదని కాదు. అసలు మందలకు ఎక్కువ మేలు చేసేది అదే. లెక్క సులువు: పుంజుల సంఖ్యను 8తో గుణించి, 1ని దానితో భాగించాలి. పెట్టల సంఖ్యకూ అలాగే చేసి రెండూ కలిపితే, తరానికి ఎంత అంతఃప్రజననం (దగ్గరి రక్తం కలవడం) పెరుగుతుందో వస్తుంది. 1 పుంజు, 10 పెట్టలుండి, అందులో పుట్టినవాటితోనే మందను కొనసాగిస్తే తరానికి దాదాపు 14 శాతం. పెట్టలను 20 చేసినా 13 దగ్గరే ఆగుతుంది. రెండో పుంజును పెడితే మాత్రం 7.5కి దిగుతుంది. గుడ్లు తక్కువ పొదగడం, పిల్లలు నీరసంగా పుట్టడం, పుంజు జోరు తగ్గడం దీని గుర్తులు. చాలామంది మేత మీదకో ఇంక్యుబేటర్ మీదకో నెట్టేస్తారు.

అందుకని ఒకే జాతి పెంచే ఇళ్లను వలయంగా కట్టాం. పెట్టలు ఎక్కడివక్కడే ఉంటాయి, కుర్ర పుంజులే కదులుతాయి. మొదటి ఇంటి పుంజు రెండో ఇంటికి, రెండోదాన్నుంచి మూడో ఇంటికి, చివరి ఇంటిది మొదటి ఇంటికి. దిక్కు ఎప్పుడూ మారకూడదు. రెండిళ్ల వలయం దండగ, మరుసటి ఏడే సొంత రక్తం తిరిగొస్తుంది. కనీసం మూడు, ఐదైతే బాగు. రెండే ఇళ్లున్న జాతికి ఈసారి గుడ్ల మార్పిడితో సరిపెట్టాలి.

ఈ వలయంలో ఒక చిన్న సౌకర్యం కూడా ఉంది. పాత పుంజును తీసేసినా పెట్ట కడుపులో దాని వీర్యం రెండు, ఒక్కోసారి మూడు వారాల దాకా పనిచేస్తూనే ఉంటుంది. కొత్త పుంజును ఎటూ 30 రోజులు విడిగా ఉంచాలి. ఆ మొదటి రోజే పాతదాన్ని పెట్టల నుంచి తీసేస్తే, కొత్తది మందలో కలిసేనాటికి పెట్టలు ఖాళీగా ఉంటాయి. తర్వాత పుట్టే పిల్లల తండ్రి ఎవరన్న అనుమానం ఉండదు. కలిశాక ఒక వారం ఆగి గుడ్లు పోగుచేస్తే చాలు.

ఇచ్చేవి, కావాల్సినవి జతపరిచాక జత దొరకనివి కొన్ని మిగులుతాయి. వాటిని తీసుకురావద్దని చెప్పడం ఈ వారం పనుల్లో కష్టమైనది. "చూద్దాం, ఎవరైనా అడుగుతారేమో" అనేవారికి ఫొటో తెమ్మనాలి. బోర్డు మీద ఫొటో పెడతాం, కుదిరితే తర్వాత ఇంటి నుంచి ఇంటికే ఇచ్చుకోవచ్చు.

6 వారాల ముందు: టీకాల తేదీలు

కొక్కెర తెగులుకు టీకా పడి రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. లసోటా లాంటి బతికున్న వైరస్ టీకా వేసిన కోడి కొన్నాళ్లు ఆ టీకా వైరస్‌ను బయటకు వదులుతుంది, కొన్నిటికి తుమ్ములు కూడా వస్తాయి. రెండింటినీ చూసుకుంటే చివరి టీకా మార్పిడి రోజుకు కనీసం 21 రోజుల ముందు పడాలి. 6 వారాల ముందే మొదలుపెడితే మరిచిపోయినవారికి ఇంకో వారం, రెండు వారాలు చేతిలో ఉంటాయి.

పెరటి మందల్లో టీకా ఎందుకు పనిచేయదంటే, చాలాసార్లు నీళ్ల వల్లే. తాగే నీటిలో కలిపినప్పుడు ఆ నీటిలో క్లోరిన్ ఉంటే టీకా వైరస్ చచ్చిపోతుంది. లీటరుకు 2.5 గ్రాముల వెన్నతీసిన పాలపొడి ముందుగా కలిపి, ఆ తర్వాత టీకా కలపాలి. రెండు గంటలు నీళ్లు ఆపి దాహం పుట్టించి, రెండు గంటల్లోపు తాగేసేంత మాత్రమే పోయాలి. పది, పదిహేను కోళ్లే ఉన్నవారు కంట్లో చుక్క వేయడం మేలు. చుక్క కంట్లో పరుచుకుని, కోడి రెప్ప వాల్చేదాకా వదలకూడదు. టీకా సీసా 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, కలిపాక రెండు గంటలకు మించి దాచకూడదు. ఒక సీసాలో వందల మోతాదులుంటాయి కాబట్టి నాలుగైదు ఇళ్లు ఒకే రోజు పెట్టుకుంటే వృథా ఉండదు. ఇళ్లవారీ పట్టిక వేసి, టీకా సీసా ఐసుపెట్టెతో తిరిగేలా, మనుషులు ఒకరి గూట్లోకి ఒకరు అడుగుపెట్టకుండా ఏర్పాటు చేశాం. టీకా పేరుతో రోగాన్ని ఇంటింటికీ మోయడం అన్నిటికన్నా అవమానం.

మశూచి టీకా రెక్క పొరలో గుచ్చుతారు. 7–10 రోజులకు అక్కడ చిన్న పొక్కు, పెచ్చు కనబడితేనే పట్టినట్టు. కనబడకపోతే మళ్లీ వేయాలి. మారెక్స్ (కాళ్లు పడిపోయేలా, ఒంట్లో గడ్డలు లేచేలా చేసే వైరస్ జబ్బు) టీకా పుట్టిన రోజే వేయాలి, పెద్ద కోడికి ఇప్పుడు వేసి లాభం లేదు. పైగా టీకా పడిన కోడి కూడా ఆ వైరస్‌ను ఈకల పొట్టుతో వదులుతూనే ఉండొచ్చు. అందుకే బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలో) పసిపిల్లలున్న ఇంటికి పెద్ద కోడి ఇవ్వకూడదు.

సాల్మొనెల్లా పుల్లోరం (కోడిపిల్లలకు తెల్లపారుడు తెచ్చే బ్యాక్టీరియా) పరీక్ష కూడా పశువైద్యుడితో చేయించగలిగితే మంచిది. తెల్ల పలక మీద ఒక చుక్క రక్తం, ఒక చుక్క రంగు వేసిన ఆంటిజెన్ కలుపుతారు. 2 నిమిషాల్లో పలుకులు కడితే అనుమానం. నాలుగు నెలలు దాటిన కోళ్లకే చేయాలి. గుడ్లు ఇచ్చే మందలకైతే తప్పనిసరి చేశాం, ఎందుకంటే ఇది గుడ్డులోంచే పిల్లకు వస్తుంది.

5 వారాల ముందు: దేనికి ఎంత?

డబ్బు లేకుండా మార్చుకోవాలంటే ఒక కొలత కావాలి. రకరకాల పాయింట్ల పద్ధతులు ఆలోచించి, చివరికి మేత కిలోల దగ్గర ఆగాం. గుడ్ల రకం పెట్ట 8 వారాలకు సుమారు 2 కిలోలు, 18 వారాలకు సుమారు 6 కిలోల మేత తింటుంది. బరువైన జాతులకు మూడోవంతు కలుపుకోవాలి. అంటే గుడ్డుకు వచ్చిన ఒక పెట్టకు 8 వారాల పెట్టపిల్లలు మూడు. కాగితం మీద బాగుంది, జనం కూడా ఒప్పుకుంటారు, మేత మోసేది వాళ్లే కదా.

రెండుచోట్ల ఈ లెక్క చెదురుతుంది. పుంజు పెట్ట కన్నా ఎక్కువే తింటుంది, కానీ అడిగేవారు తక్కువ. వలయంలోని పుంజుకు పుంజే బదులు కాబట్టి పేచీ లేదు, వలయం బయటి పుంజుకు సగం కట్టాం. రెండోది గుడ్లు. 12 గుడ్లు ప్రయాణం చేసి పొదిగితే 6 పిల్లలు రావడం మామూలే, అందులో పెట్టలు 3. కాబట్టి 12 గుడ్లకు రోజు వయసున్న, ఆడమగ తేల్చని పిల్లలు 6 సమానం.

పెట్టపిల్లలని ఇచ్చినవి పుంజులుగా తేలితే? ఈ గొడవ రాక మానదు. 6–8 వారాలకు తురాయి ఎర్రబడి పెరిగితే అనుమానించవచ్చు, కానీ కొన్ని జాతుల్లో అది నమ్మలేం. 12 వారాలు దాటాక వీపు చివర సన్నగా, మొనదేలి మెరిసే ఈకలు కనబడితే పుంజే. అంతకన్నా చిన్నవాటికి "ఆడమగ తేల్చలేదు" అని రాయించడమే దారి. తేలిన తర్వాత కూడా కోడిని వెనక్కి పంపకూడదు. కిలోలు జమ రాసుకుని వచ్చే మార్పిడిలో సరిచేయాలి. కోడి వెనక్కి నడిచిందంటే మొదటి నియమం పోయినట్టే.

4 వారాల ముందు

పేలు, నల్లులు. పేలు కోడి మీదే బతుకుతాయి, గుదం చుట్టూ ఈకల మొదళ్లలో తెల్లగా గుడ్ల గుత్తులు పెడతాయి. ఎర్ర నల్లి పగలు కోడి మీద ఉండదు. గూటి సందుల్లో దాక్కుని రాత్రి రక్తం పీలుస్తుంది. అందుకే పగటిపూట పరీక్షలో దొరకదు. రాత్రి టార్చి పట్టుకుని వాసాల చివర్లు చూడమని ప్రతి ఇంటికీ చెప్పాం. క్రేట్ల సందుల్లో కూర్చుని ఇల్లు మారుతుంది, మేత లేకుండా నెలల తరబడి బతకగలదు. పేలకు పశువైద్యుడు చెప్పిన మందు వేసి, 10 రోజులకు మళ్లీ వేయాలి. మొదటిసారి మందు గుడ్లను చంపదు. మందు వేశాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అడిగి రాసుకోవాలి.

3 వారాల ముందు: స్థలం

కావాల్సినవి: నీడ, గాలి, కడగగలిగే నేల, రెండు దారులు. కోళ్లు పెంచుతున్న ఇంటి ఆవరణ పనికిరాదు, అది ఎంత విశాలంగా ఉన్నా. నీటి పక్షులు వాలే చెరువు పక్కన అసలొద్దు.

తాడు పరిచి కొలిస్తే లెక్క ఇలా వచ్చింది. ఒక ఇంటికి ఒక బల్ల, 75 సెం.మీ. ఎత్తు. బల్లకూ బల్లకూ మధ్య 2 మీటర్లు. లోపలికి ఒక దారి, బయటకు వేరే దారి. పరీక్ష చోటు లోపలి దారి బయటే ఉండాలి. లోపల పెడితే జబ్బు కోడిని కనిపెట్టేలోగా అది అందరి పక్కనుంచీ వచ్చేసి ఉంటుంది. క్రేట్లు నేల మీద పెట్టకూడదు. ఒకదాని రెట్ట ఇంకోదాని మీద పడకుండా, ఒకదానిపై ఒకటి పేర్చకూడదు.

బాతులు, టర్కీలు వేరే రోజు. బాతులు బర్డ్ ఫ్లూ వైరస్‌ను పైకి ఏ లక్షణం లేకుండా మోయగలవు. టర్కీలను చంపే బ్లాక్‌హెడ్ జబ్బు కోళ్ల పేగు పురుగుల గుడ్ల ద్వారా వస్తుంది, కోడికి పెద్దగా ఏమీ కాదు. కౌజు పిట్టలనూ కలపలేదు.

రాత్రి ఏ కోడీ అక్కడ ఉండకూడదు. హాంకాంగ్‌లో 1997లో బర్డ్ ఫ్లూ 18 మందికి సోకి 6 మంది చనిపోయాక, బజార్లలో వైరస్ ఎందుకు నిలిచిపోతుందో వెతికారు. కోళ్లు ఎప్పుడూ ఖాళీ కాకపోవడమే కారణం. 2001 నుంచి నెలకోసారి బజార్లు మొత్తం ఖాళీ చేసి కడగడం మొదలుపెట్టారు. మన లెక్కకు అర్థమైంది ఇది: ఒకే ఉదయం, అందరూ వచ్చి అందరూ వెళ్లిపోవాలి.

2 వారాల ముందు: సామాను

90×60×30 సెం.మీ. ప్లాస్టిక్ క్రేట్ ఉంటే 2 కిలోల పెట్టలు 6 హాయిగా పడతాయి, ఒక్కోదానికి 900 చదరపు సెం.మీ. యూరప్ రవాణా నియమాల కనీసం ఆ బరువు కోడికి 320 మాత్రమే. కానీ అది రవాణా లెక్క, గంటల తరబడి కూర్చోవడానికి కాదు. పొడవాటి కాళ్ల పుంజుకు 30 సెం.మీ. ఎత్తు చాలదు, 45 కావాలి. ప్రతి పుంజుకు విడి పెట్టె, పక్కదాన్ని చూడకుండా మధ్య అట్ట అడ్డు. ఒకదాన్నొకటి చూస్తే పెట్టెలోనే తురాయి నెత్తురు చేసుకుంటాయి. పుంజుల ముళ్లు చూసి బేరాలాడే కోడిపందేల రాయుళ్లు కూడా వస్తారు. పుంజులను ప్రదర్శనకు పెట్టకుండా, పేరు రాసిన ఇంటికి నేరుగా అందించడం వల్ల ఆ బెడద తగ్గుతుంది.

మిగతావి: చేతులు కడుక్కోవడానికి 3 చోట్ల నీళ్లు, సబ్బు. తాగడానికీ కడగడానికీ కలిపి 200 లీటర్లు. కాలి ఉంగరాలు 130, వరస అంకెలతో, పెట్టలకు 16 మి.మీ., పెద్ద పుంజులకు 18–20. ఉంగరం తేలిగ్గా తిరగాలి, మడమ దాటి జారకూడదు. పారిపోయిన కోడిని పట్టే పిడి వల ఒకటి. క్రేట్ మూతలకు ప్లాస్టిక్ టైలు, అవి కోయడానికి కత్తెర. కత్తెర మరిచిపోతే పళ్లతో కొరుకుతారు, చెప్పక్కర్లేదు.

క్రిమినాశని విషయంలో అందరూ చేసే తప్పు, మురికి మీద పోయడం. రెట్ట ఉన్నచోట బ్లీచ్ నిమిషాల్లో చచ్చుబడిపోతుంది. ముందు బ్రష్షు, సబ్బు నీళ్లు, ఆ తర్వాత మందు. ఇంట్లో దొరికే 5 శాతం బ్లీచ్‌లో 1 వంతుకు 9 వంతుల నీళ్లు, తడిగా 10 నిమిషాలు ఉండనిచ్చి కడిగేయాలి. వర్కాన్ ఎస్ అనే క్రిమినాశని పొడి అయితే లీటరుకు 10 గ్రాములు. ఏ మందూ లోపలికి వచ్చే చెప్పుల తొట్టిలో గంటల తరబడి బతకదు. మురికి తేలగానే పారబోసి మళ్లీ పోయాలి. రక్త పారుడు కలిగించే కాక్సిడియా గుడ్లకు బ్లీచ్ లెక్కలేదు. వాటికి ఎండ, పొడిదనం, రెట్ట ఎత్తిపారేయడమే మందు.

ముందు రోజు

కోళ్లను చీకటి పడ్డాక పట్టాలి. గుడ్డివెలుగులో పెనుగులాట ఉండదు, రెక్కలు విరగవు. రెండు రెక్కలూ ఒంటికి అదిమి పట్టాలి, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయకూడదు. తెల్లవారి మేత పెట్టొద్దు, నీళ్లు మాత్రం బయల్దేరేదాకా ఉంచాలి. మేతసంచి నిండా ఉంటే దారిలో కక్కుకుంటాయి, పైగా పరీక్షలో మేతసంచి గట్టిపడిందా లేదా తేల్చలేం.

గుడ్లు మొన కిందికి ఉండేలా ట్రేలో. వారం లోపు పెట్టినవే, 12–18 డిగ్రీల మధ్య దాచినవే. వారం దాటితే రోజురోజుకూ పొదిగే శాతం పడిపోతుంది. మురికి గుడ్డు కడిగి తేవద్దు, అసలు తేవద్దు. తీసుకెళ్లినవారు 12 గంటలకు తగ్గకుండా కదపకుండా ఉంచి, ఆ తర్వాతే ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. లేకపోతే ప్రయాణంలో కదిలిన గాలిగది స్థిరపడదు. రోజు వయసు పిల్లలకు కడుపులోని పచ్చసొన మూడు రోజుల దాకా ఆసరా, మేత లేకపోయినా తట్టుకుంటాయి. చలికి మాత్రం తట్టుకోలేవు. 32–35 డిగ్రీలు కావాలి, అందుకే వాటిని చివరి విడతలో రమ్మన్నాం, వచ్చీ రాగానే చేతులు మారాలి.

మార్పిడి రోజు

ఉదయం 6:30కి మొదటి విడత, 9:30కి ఆవరణ ఖాళీ. కోడికి చెమట పట్టదు, ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. నోరు తెరిచి రొప్పడం మొదలైతే ఆలస్యమైనట్టే. రొప్పే కోడిని గాలి తగిలే చోటికి మార్చి కాళ్లు తడపాలి.

3 నిమిషాల పరీక్ష ఈ క్రమంలో సాగాలి. పట్టుకోకముందే క్రేట్‌లో నిలబడ్డ తీరు చూడాలి, ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసుకున్న కోడి అక్కడికక్కడే వెనక్కి. తర్వాత ముక్కు: తడి, దుర్వాసన, కన్ను కింద వాపు ఉంటే కొరైజా (కోళ్లకు అంటుకునే జలుబు) కావొచ్చు. కోలుకున్న కోడి కూడా దాన్ని మోస్తూనే ఉంటుంది, కాబట్టి "పోయిన నెల తగ్గిపోయింది" అన్నా లోపలికి రాదు. వీపును చెవికి దగ్గరగా పెట్టుకుని ఊపిరి వినాలి, గురగుర ఉంటే ఆపాలి. రొమ్ము ఎముక కత్తిలా తగిలితే బక్క కోడి. గుదం దగ్గర ఈకలు విడదీసి పేలు చూడాలి. కాళ్ల పొలుసులు లేచి ఉంటే పొలుసు నల్లి. అరికాలిలో నల్ల పెచ్చు ఉంటే పాదం పుండు, ఇది అంటదు కానీ తీసుకునేవారికి చెప్పాలి. చివర ఉంగరం, నంబరు, రిజిస్టర్‌లో రాత. ఒక్కో ఇంటి కోళ్లు అయ్యాక చేతులు కడుక్కోవడం ఈ మూడు నిమిషాల్లో భాగమే.

వెనక్కి పంపిన కోడి ఒక్కటే తిరిగి ఇంటికి పోతుంది, అది లోపలికి రాలేదు కాబట్టి. అదే క్రేట్‌లో వచ్చిన మిగతావి కూడా దానితోనే. ఇక్కడ వాదన వస్తుంది, ఒక్కదానికి జలుబుంటే మిగతా ఐదూ ఏం పాపం చేశాయని. అవి ఒకే గాలి పీల్చాయి. ఈ మాట చెప్పడానికి పశువైద్యుడుంటే సగం వాదన తగ్గుతుంది.

"గుడ్లు పెడుతోంది" అన్న పెట్టను తీసుకునేవారు తమంతట తామే చూసుకోవచ్చు. గుదం వెడల్పుగా, తడిగా ఉండాలి. దాని కింద రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పసుపు చర్మం జాతుల్లో, లెగ్‌హార్న్, రోడ్ ఐలాండ్ రెడ్ లాంటివాటిలో, పెట్టేకొద్దీ పసుపు ఒక వరసలో పోతుంది: ముందు గుదం, తర్వాత కంటి చుట్టు, చెవి తమ్మె, ముక్కు, చివరికి కాళ్లు. ముక్కు తెల్లబడటానికి నెల, నెలన్నర, కాళ్లు తెల్లబడటానికి నాలుగైదు నెలలు. కాళ్లు నిండు పసుపుగా ఉండి "ఏడాదిగా పెడుతోంది" అంటే ఎక్కడో తేడా ఉంది.

చేతులు మారేటప్పుడు కోడి తీసుకునేవారి క్రేట్‌లోకి మారాలి, క్రేట్ మారకూడదు. నల్లులు క్రేట్‌లో ఉంటాయి. పిల్లలు కోడిపిల్లలను ముద్దులాడకుండా, చేతులు కడుక్కునేలా ఒకరు చూడాలి. సాల్మొనెల్లా మనుషులకు అలాగే వస్తుంది.

చివర అరగంట ఊడ్చి, రెట్ట, ఊక మూటగట్టి, బల్లలు కడిగి మందు పోయడానికి.

7, 14, 30వ రోజులు

తీసుకున్న కోడి ఇంట్లో మంద నుంచి 10 మీటర్ల దూరంలో, వేరే నీళ్ల గిన్నెతో, వేరే చెప్పులతో. ముందు సొంత మందకు మేత, చివర కొత్తదానికి. వరస తిరగబడితే దూరం పెట్టి లాభం లేదు.

ఫోన్లు మూడుసార్లు చేయడానికి కారణం రోగాల గడువులు వేరువేరుగా ఉండటం. కొరైజా 1–3 రోజుల్లో బయటపడుతుంది, అది 7వ రోజు ఫోన్‌లో తేలుతుంది. కొక్కెర తెగులు ఎక్కువగా 5–6 రోజులకు, 15 దాకా కూడా, కాబట్టి 14. గొంతు, శ్వాసనాళానికి వచ్చే వైరస్ 6–12 రోజులు తీసుకుంటుంది. మైకోప్లాస్మా (మొండి శ్వాస జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) మూడు వారాల దాకా నాన్చుతుంది, అందుకే 30. అడిగే ప్రశ్నలు మూడే: ఎన్ని బతికున్నాయి, ఏదైనా తుమ్ముతోందా, పాత మందలో మార్పుందా? ఏ ఇంట్లో చెడు కబురొచ్చినా రిజిస్టర్ తెరిచి, ఉంగరం నంబరును బట్టి ఆ విడతలో వచ్చిన ఐదు ఇళ్లకు ముందు, తర్వాత అందరికీ ఆ గంటలోనే చెప్పాలి. చనిపోయిన కోడిని పూడ్చకముందే పశువైద్యుడికి చెప్పాలి.

20వ రోజు తర్వాత సొంత మందలోంచి ఒక కోడిని, పోయినా పెద్దగా బాధ లేనిదాన్ని, కొత్తవాటితో కలిపి పది రోజులు ఉంచాలి. పైకి ఆరోగ్యంగా ఉంటూ రోగం మోసే కోడిని పట్టించేది అదే. అది జబ్బు పడకపోతే 30వ రోజు అన్నిటినీ రాత్రిపూట మందలోకి వదలొచ్చు.

తర్వాతి మార్పిడికి మార్చాల్సినవి: పరీక్ష చేసేవారికి కూర్చునే ఎత్తు బల్ల, ఉంగరాల అంకెలు పెద్దవి, గుడ్లకు విడి గేటు. జాబితా గడువు ఒక వారం ముందుకు. 90 రోజుల లోపు మళ్లీ పెట్టకూడదు. జమ రాసిన కిలోల వరసలు కొత్త జాబితాకు మొదట ఎక్కించాలి, పోయినసారి ఆగిన ఇళ్ల పేర్లు వాటికన్నా పైన.